ఆడని నిమిషాలు, లెక్కకు రాని క్రెడిట్లు: ఒక డచ్ బాస్కెట్‌బాల్ ఆటగాడి కేసు

అమెరికాలో ఒక డివిజన్ వన్ (కాలేజీ ఆటల్లో పై స్థాయి) యూనివర్సిటీ అథ్లెటిక్స్ విభాగంలో నేను అకడమిక్ అడ్వైజర్‌ని. ఆటగాళ్లు ఏ క్లాసులు తీసుకుంటున్నారు, డిగ్రీ ఎంతవరకు వచ్చింది, వచ్చే సీజన్ ఆడే అర్హత ఉంటుందా ఉండదా అన్నది చూసుకోవడం నా పని. నేనూ ఒకప్పుడు ఎఫ్-1 వీసా మీద వచ్చినవాణ్ని కావడంతో విదేశీ ఆటగాళ్ల ఫైళ్లు ఎక్కువగా నా బల్ల మీదికే చేరతాయి. ఈ కేసు రాయడానికి ఆ ఆటగాడు ఒప్పుకున్నాడు. ఊళ్లు, క్లబ్బు, యూనివర్సిటీ పేర్లు తీసేశాను. గుర్తుపట్టగలిగే వివరాలు కొన్ని మార్చాను. నియమాలను మాత్రం అప్పుడు ఎలా ఉన్నాయో అలాగే చెప్పాను. కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నియమాలు ఏటా కదులుతుంటాయి కాబట్టి, ఇవాళ ఎవరైనా ఇదే పరిస్థితిలో ఉంటే ముందు ఆ నియమాలు చూసుకునే తమ యూనివర్సిటీ కంప్లయన్స్ ఆఫీసుని అడగాలి.

నేపథ్యం

నెదర్లాండ్స్‌లో బాస్కెట్‌బాల్ నడిచేది బడిలో కాదు, క్లబ్బులో. చిన్నపిల్లల జట్టు నుంచి సీనియర్ జట్టు దాకా ఒకే క్లబ్బు, తరచుగా ఒకే హాలు. పై స్థాయిలో 2021 నుంచి బెల్జియంతో కలిపి బీఎన్ఎక్స్‌టీ లీగ్ నడుస్తోంది. గ్రోనింగెన్, డెన్ బాష్, లైడెన్ జట్లు ఆడేది అందులోనే. ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న దేశం కాబట్టి బాస్కెట్‌బాల్‌లో డబ్బు తక్కువ. పొడుగూ చురుకుదనమూ ఉన్న కుర్రాడికి పదిహేడు, పద్దెనిమిదేళ్లప్పుడు అమెరికా నుంచి ఫుల్ స్కాలర్‌షిప్ వస్తే ఇంట్లో పెద్దగా చర్చ ఉండదు. దారి కూడా పాతదే. ఐండ్‌హోవెన్‌లో పుట్టిన రిక్ స్మిట్స్, న్యూయార్క్ రాష్ట్రంలో పెద్దగా పేరులేని మారిస్ట్ కాలేజీలో ఆడి, 1988 ఎన్‌బీఏ డ్రాఫ్టులో, అంటే అమెరికా ప్రొఫెషనల్ లీగ్ జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే చోట, రెండో పిక్‌గా వెళ్లాడు. ఆ తర్వాత డాన్ గాడ్జురిచ్ యూసీఎల్ఏలో, ఫ్రాన్సిస్కో ఎల్సన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఆడి ఎన్‌బీఏకి చేరారు.

మా కుర్రాడు పోస్ట్ ప్లేయర్, అంటే రింగు దగ్గర ఆడే పొడుగు మనిషి. చదివింది హావో. డచ్ సెకండరీ చదువులో ఇది ఐదేళ్ల కోర్సు, యూనివర్సిటీకి తీసుకెళ్లే వీడబ్ల్యూఓ ఆరేళ్లు. పదిహేడేళ్లకే హావో ముగించి, ఒక ఏడాది క్లబ్బు సీనియర్ జట్టు బెంచి మీద కూర్చున్నాడు. ఇక్కడ ఒక నియమం గుర్తుంచుకోవాలి. బాస్కెట్‌బాల్‌లో హైస్కూలు అయ్యాక ఎన్‌సీఏఏ ఒక్క ఏడాది వెసులుబాటు ఇస్తుంది. అది దాటాక కూడా పోటీ జట్లలో ఆడుతూ కూర్చుంటే కాలేజీలో ఆడగలిగే సీజన్లు తగ్గిపోతాయి. అతను ఆ ఏడాది లోపలే వచ్చాడు, ఆ చిక్కు లేదు.

చిక్కు ఇంకోచోట వచ్చింది. సీనియర్ జట్టులో జీతం తీసుకునే ఆటగాళ్లు ఉన్నారు. వాళ్లతో ఆడటం తప్పేం కాదు. ఇతనికి ప్రయాణం, తిండి, బస ఖర్చులకు మించి ఏమైనా అందిందా అన్నదే ప్రశ్న. అందలేదని రుజువు చేసే కాగితాలన్నీ క్లబ్బు నుంచి రావాలి. ఆ క్లబ్బు ఆఫీసంతా సాయంత్రాలు వచ్చి పనిచేసే వాలంటీర్లే. కాగితాలు చేరి, ఆడే అర్హత తేల్చే ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్ ఓకే అనేసరికి ఆగస్టు వచ్చేసింది. అతనితో పాటు చేరాల్సిన అమెరికన్ కుర్రాళ్లు జూన్‌లోనే వచ్చి, సమ్మర్‌లో రెండేసి క్లాసులు పూర్తిచేసుకుని ఉన్నారు. ఆ రెండు క్లాసుల తేడాని అప్పట్లో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. మొదటి సెమిస్టర్ కదా, తర్వాత చూద్దాం అనుకున్నారు.

నా దగ్గరికి ఎలా వచ్చింది

రెండో సీజన్ ఫిబ్రవరిలో అసిస్టెంట్ కోచ్ నుంచి మెయిల్ వచ్చింది. సారాంశం ఇది: కుర్రాడికి ఇంటి మీద బెంగ, మోటివేషన్ పోయింది, గ్రేడ్లు పడుతున్నాయి, ఆడే నిమిషాలు తగ్గాయి, పోర్టల్‌లో (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితాలో) పేరు వేస్తానంటున్నాడు, స్టడీ హాల్ గంటలు పెంచండి.

అందులో గ్రేడ్ల మాట నిజం, నిమిషాల మాట కూడా నిజం. నవంబర్‌లో మ్యాచ్‌కి పన్నెండు పదమూడు నిమిషాలు ఆడినవాడు ఫిబ్రవరికి నాలుగైదు నిమిషాలకు వచ్చాడు. కొన్ని మ్యాచ్‌ల్లో అసలు లేవలేదు. మిగతా రెండు మాటలూ, అంటే ఇంటి బెంగ, మోటివేషన్, కోచ్ చేసిన నిర్ధారణలు. విదేశీ ఆటగాడు డల్‌గా కనిపిస్తే అందరూ ముందు చెప్పే కారణం ఇంటి బెంగే. అది నిజమయ్యే సందర్భాలూ ఉంటాయి కాబట్టి తోసేయలేం. అలాగని పరీక్షించకుండా ఒప్పుకోనూ కూడదు.

గ్రేడ్ల గురించి ఒక మాట. మన ఇంటర్ మార్కుల గోలలో పెరిగిన నాకు ఇది వెంటనే తట్టే విషయం కాదు. డచ్ బడుల్లో మార్కులు పదికి. 5.5 దాటితే పాస్. ఎనిమిది వస్తే గొప్ప, పది దాదాపు ఎవరికీ పడదు. అక్కడి పిల్లవాడికి ఆరున్నర అంటే పని అయిపోయినట్టే, మిగతా టైమ్ ప్రాక్టీసుకి. మా దగ్గర 'సి' గ్రేడ్ చూసి అతను అదే అనుకున్నాడు. పాస్ అయ్యాను కదా అని. మా బిజినెస్ స్కూల్ మేజర్‌లోకి తీసుకోవాలంటే కొన్ని కోర్సుల్లో అంతకంటే ఎక్కువ ఉండాలన్న సంగతి అతనికి ఎవరూ విడమరిచి చెప్పలేదు.

ఇంకో వైపు వాళ్లమ్మ మెయిళ్లు. కొడుకు ఎందుకు ఆడటం లేదు, చదువు ఎలా ఉంది, ఫలానా క్లాసు ఎందుకు తీసుకున్నాడు. ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీలో చేరాక విద్యా రికార్డుల హక్కు విద్యార్థిది. అతను సంతకం పెట్టనిదే తల్లిదండ్రులకు నేను ఏమీ చెప్పకూడదు. మన తెలుగు తల్లిదండ్రులు ఈ మాట వింటే ఎంత ఆశ్చర్యపోతారో, ఫీజు మేం కడుతుంటే మాకు చెప్పరా అని ఎంత గొడవపడతారో నాకు బాగా తెలుసు. ఆవిడ మాత్రం మర్నాడే కొడుకు చేత సంతకం పెట్టించి పంపింది. తర్వాత జరిగినదానికి ఆ సంతకం చాలా పనికొచ్చింది.

మొదట చేసినవి, వాటి ఫలితం

కోచ్ అడిగినట్టు స్టడీ హాల్ పెంచాం. ఆ నిర్ణయానికి ఒక తర్కం ఉంది. గ్రేడ్లు పడుతున్నాయి, కూర్చోబెడితే చదువుతాడు. రెండు వారాల్లోనే తేలిపోయింది. వచ్చేవాడు, పుస్తకం తెరిచేవాడు, నిద్రపోయేవాడు. ఎన్‌సీఏఏ పెట్టిన వారానికి 20 గంటల పరిమితి ప్రాక్టీసుకీ మ్యాచ్‌లకీ మాత్రమే. ప్రయాణం అందులోకి రాదు, స్టడీ హాలూ రాదు. బుధవారం రాత్రి బయటి ఊళ్లో మ్యాచ్ ఆడి, తెల్లవారుజామున క్యాంపస్‌కి చేరి, తొమ్మిదింటికి స్టాటిస్టిక్స్ క్లాసుకి వెళ్లే మనిషికి మనం ఇచ్చిన మందు ఇంకొన్ని గంటలు మేలుకుని ఉండటం.

తర్వాత కౌన్సెలింగ్. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, తెలియకూడదు. కానీ రెండు మూడు సార్లు వెళ్లొచ్చాక అతనే నా గదికి వచ్చి చెప్పాడు. "నాకు ఇంటి బెంగ లేదు. నాకు నిద్ర లేదు. ఇంకో విషయం, నేనెందుకు ఆడటం లేదో ఇక్కడ ఎవరూ చెప్పరు."

ఈ రెండో ముక్క నన్ను పట్టుకుంది. కోచ్‌లని అడిగితే ఎప్పుడూ చెబుతూనే ఉన్నాం అంటారు. ఏం చెప్పారని అడిగితే, కష్టపడుతూ ఉండు, రెడీగా ఉండు, నీ ఎనర్జీ మాకు ఇష్టం. డచ్ క్లబ్బులో పెరిగినవాడికి ఇది సమాధానమే కాదు. అక్కడ కోచ్ ముఖం మీదే చెబుతాడు, కుర్రాడూ ముఖం మీదే అడుగుతాడు. ఇతను మొదటి ఏడాది టీమ్ మీటింగ్‌లో చెయ్యెత్తి, ఈ డ్రిల్ వల్ల మాకేం ఉపయోగం అని అడిగాడట. నేర్చుకోవడానికే అడిగాడు. గదిలో ఉన్నవాళ్లకి అది తలబిరుసుగా కనిపించింది. మాస్టారి ముందు నోరెత్తకుండా పెరిగిన నాకు ఆ కోచ్‌ల ఇబ్బంది కూడా అర్థమైందని ఒప్పుకోవాలి.

అసిస్టెంట్ కోచ్‌ని నేనొకటే అడిగాను. ఇతను ఆడకపోవడానికి కారణాలు కాగితం మీద రాసివ్వండి, పొగడ్తలు వద్దు. మూడు వచ్చాయి. బాల్ స్క్రీన్ (బంతి ఉన్నవాడి కోసం సహచరుడు అడ్డు నిలబడటం) మీద అడుగు ఆలస్యం. షాట్ పడ్డాక ప్రత్యర్థిని వెనక్కి నెట్టకుండా నేరుగా బంతి వైపు పోవడం. మూడోది, పదే పదే బాస్కెట్ ఇంటర్‌ఫియరెన్స్ విజిల్. అతను ఈ మూడోది చూసి నవ్వాడు. అంతర్జాతీయ సమాఖ్య ఫీబా నియమాల్లో, షాట్ కొట్టిన బంతి రింగుకి తగిలిన క్షణం నుంచి ఎవరైనా దాన్ని కొట్టెయ్యొచ్చు. యూరప్‌లో పొడుగు ఆటగాళ్లకి అది చిన్నప్పటి నుంచి నేర్పే విద్య. అమెరికా కాలేజీ ఆటలో బంతి రింగు మీద గానీ, దాని పైనున్న ఊహా గొట్టంలో గానీ ఉండగా ముట్టుకుంటే తప్పు. పదేళ్లపాటు ఒంటికి పట్టిన అలవాటుని కోచ్‌లు తొందరపాటు అని రాసుకున్నారు. వీడియో ముందు కూర్చోబెట్టి ఆ ఒక్క విషయం మీదే పనిచేస్తే నెలలోపు విజిళ్లు బాగా తగ్గాయి. మిగతా రెండిటికీ అంత సులువైన విరుగుడు లేదు. అవి అలసిన కాళ్ల లక్షణాలని స్ట్రెంగ్త్ కోచ్ అన్నాడు.

మధ్యలో ఒక ప్రమాదం తప్పింది. ట్యూటరింగ్ విభాగం వాళ్లు మంచి ఉద్దేశంతోనే, స్టాటిస్టిక్స్ డ్రాప్ చేయించి జీపీఏ కాపాడదాం అన్నారు. అమెరికన్ కుర్రాడైతే అది మామూలు సలహా. ఇతని చేతిలో ఉన్నవి సరిగ్గా 12 క్రెడిట్లు, అంటే నాలుగు క్లాసులు. ఒక క్లాసు వదిలితే 9. ఎఫ్-1 విద్యార్థి సెమిస్టర్‌లో 12కి తగ్గితే స్టేటస్ పోతుంది. డాక్టర్ కాగితం ఉంటే వైద్య కారణాల మీద ఇంటర్నేషనల్ ఆఫీసు తగ్గింపుకి అనుమతించగలదు గానీ, అలసట అన్న మాట మీద ఏ డాక్టరూ అలాంటి ఉత్తరం ఇవ్వడు. డీఎస్ఓకి, అంటే ఎఫ్-1 రికార్డులు చూసే యూనివర్సిటీ అధికారికి, ఒక ఫోన్ చేయడంతో ఆ ఆలోచన అక్కడితో ఆగింది. ఆన్‌లైన్ సంగతీ అంతే. జట్టులో మిగతావాళ్లు సీజన్‌లో రెండు మూడు ఆన్‌లైన్ క్లాసులు పెట్టుకుని ప్రయాణాలు నెట్టుకొస్తారు. ఎఫ్-1 వాళ్లకి ఫుల్-టైమ్ లెక్కలోకి వచ్చేది ఒక్క ఆన్‌లైన్ క్లాసే. అంటే అందరిలాంటి సీజనే ఆడుతూ, అందరికంటే ఎక్కువ క్లాసులకి మనిషిగా హాజరు కావాలి.

డబ్బు గొడవ కూడా ఉంది, పెద్దదేం కాదు. 2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ మీద సంపాదించుకోవచ్చు. పక్క లాకర్ వాడికి ఊళ్లో రెస్టారెంట్ ప్రకటన వస్తే ఇతను చూస్తూ ఉండాలి. ఎఫ్-1 మీద ఉండి అలాంటి పని అమెరికా నేల మీద చేయడం వీసాకే ముప్పు. కాంగో నుంచి వచ్చి కెంటకీకి ఆడిన ఆస్కార్ చీబ్వే 2022లో జట్టు బహామాస్ టూర్‌కి వెళ్లినప్పుడు అక్కడ ఆ పని చేసుకున్నాడని అందరికీ తెలుసు. ఇతనికి అంత పిలుపేం లేదు. ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవమని చెప్పి ఆ విషయం అక్కడితో వదిలేశాను.

అసలు విషయం బయటపడింది డిగ్రీ ఆడిట్‌లో

పోర్టల్ మాట ఎత్తాడు కాబట్టి, వేరే కాలేజీ అతన్ని ఎలా చూస్తుందో తెలుసుకోవాలని డిగ్రీ ఆడిట్ (డిగ్రీలోకి ఏ క్లాసులు లెక్కకొచ్చాయో చూపే పత్రం) తీశాను. అప్పటి నియమం ప్రకారం మూడో ఏడాది మొదలయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, నాలుగో ఏడాదికి 60, ఐదో ఏడాదికి 80 శాతం పూర్తయి ఉండాలి. మొత్తం ఎన్ని క్రెడిట్లు చేశాడన్నది కాదు, తాను ఎంచుకున్న డిగ్రీలోకి ఎన్ని వస్తాయన్నది లెక్క. 120 క్రెడిట్ల డిగ్రీకి 40 శాతం అంటే 48.

ఆ వసంతం సెమిస్టర్ అన్నీ పాసైతే అతని చేతిలో 51 క్రెడిట్లు ఉంటాయి. పైకి చూస్తే బాగానే ఉంది. కానీ అతను కోరుకుంటున్న బిజినెస్ డిగ్రీలోకి వచ్చేవి 39. మిగతావి ప్రాక్టీసు టైమ్‌కి అడ్డురాకుండా ఏరిన క్లాసులు. ఇంకో తొమ్మిది క్రెడిట్లు, అంటే మూడు క్లాసులు, ఆగస్టు లోపు రాకపోతే మూడో సీజన్ ఆడే అర్హతే లేదు. తక్కువ నిమిషాల గురించి బాధపడుతున్న కుర్రాడికి సున్నా నిమిషాలు ఎదురుగా కూర్చుని ఉన్నాయి.

ఈ తొమ్మిది ఎక్కడ పోయాయి? జట్టులో అతనితో పాటు చేరినవాళ్ల ఆడిట్లు పక్కన పెట్టుకుని చూశాను. తేడా సెమిస్టర్లలో లేదు, సమ్మర్లలో ఉంది. వాళ్లు మొదటి సమ్మర్ జూన్‌లోనే వచ్చారు, ఇతను కాగితాల కోసం ఆగస్టు దాకా ఆగాడు. రెండో సమ్మర్ వాళ్లు క్యాంపస్‌లో ఉండి క్లాసులు, ఎనిమిది వారాల వర్కవుట్లు చేశారు. ఇతను నెదర్లాండ్స్ యూత్ జట్టు క్యాంపుకి వెళ్లాడు. యూరప్ యూత్ ఛాంపియన్‌షిప్‌లు జులై, ఆగస్టుల్లో జరుగుతాయి, క్యాంపు అంతకంటే ముందే మొదలవుతుంది. టోర్నీ ముగించుకుని విమానం దిగి నేరుగా ఫాల్ సెమిస్టర్‌లోకి వచ్చాడు. అంటే క్రెడిట్లు లేవు, జట్టు కొత్త డిఫెన్సు నేర్చుకున్న వారాల్లో అతను లేడు, విశ్రాంతీ లేదు. ఫిబ్రవరికి కాళ్లు ఆగిపోవడంలో ఆశ్చర్యం ఏముంది? కోచ్ చెప్పిన నిమిషాల సమస్య, ట్యూటర్ చెప్పిన గ్రేడ్ల సమస్య, నాకు కనిపించిన క్రెడిట్ల సమస్య, మూడూ ఆ రెండు సమ్మర్ల దగ్గరికే వెళ్తున్నాయి.

ముందున్న దారులు

మొదటిది పోర్టల్. ఇంట్లోవాళ్లు అటే మొగ్గారు. వాళ్ల దగ్గర ఉదాహరణ కూడా ఉంది. ఆమ్‌స్టర్‌డామ్ కుర్రాడు క్వింటెన్ పోస్ట్ మిసిసిపీ స్టేట్‌లో రెండేళ్లు పెద్దగా ఆడకుండా గడిపి, బోస్టన్ కాలేజీకి మారి అప్పటికే మెరుస్తున్నాడు. తర్వాత 2024 డ్రాఫ్టులో 52వ పిక్‌గా వెళ్లాడు. మారితేనే బాగుపడతాం అని దాని అర్థం అన్నారు. నేను అదే ఊళ్లో, అదే 2000 సంవత్సరంలో పుట్టిన జెస్సీ ఎడ్వర్డ్స్ పేరు చెప్పాను. సిరాక్యూస్‌లో మొదటి రెండేళ్లు అతనివీ కొద్దిపాటి నిమిషాలే. అక్కడే ఉండి మొదటి ఐదుగురిలోకి వచ్చి, నాలుగేళ్లయ్యాకే వెస్ట్ వర్జీనియాకి మారాడు. ఇంకా వెనక్కి వెళ్తే, డెన్ హెల్డర్‌లో పుట్టిన స్వెన్ నేటర్ యూసీఎల్ఏలో బిల్ వాల్టన్ వెనక కూర్చుని, కాలేజీలో ఒక్క మ్యాచ్ కూడా స్టార్ట్ చేయకుండానే 1973 డ్రాఫ్టు మొదటి రౌండ్‌లో వెళ్లాడు. పేర్లతో వాదిస్తే ఎవరి వైపైనా నిలబడొచ్చు. అందుకే పేర్లు పక్కన పెట్టి లెక్కకి వచ్చాం.

మారితే 40 శాతాన్ని కొత్త కాలేజీ డిగ్రీతో మళ్లీ కొలుస్తారు. క్రెడిట్లు అన్నీ వెంట రావు. 39 కాస్తా ఇంకా తగ్గొచ్చు. పేరు పోర్టల్‌లో పడేదాకా వేరే కోచ్‌లు మాట్లాడకూడదు కాబట్టి, ముందే అడిగి తెలుసుకునే దారీ లేదు. పేరు వేశాక ఇక్కడి స్కాలర్‌షిప్‌ని టర్మ్ చివర్లో ఆపే హక్కు యూనివర్సిటీకి ఉంటుంది. ఎఫ్-1 వాడికి అది ఇంకా బరువు. ఫీజు ఎవరు కడతారో, సెవిస్ రికార్డు (ప్రభుత్వం దగ్గరుండే విదేశీ విద్యార్థి రికార్డు) ఎప్పుడు ఎటు బదిలీ అవుతుందో తేలకపోతే దేశంలో ఉండటమే ప్రశ్న అవుతుంది. ఎవరు తీసుకుంటారో తెలియకుండా, తొమ్మిది క్రెడిట్ల లోటుతో ఆ తలుపు తెరవడం నాకు నచ్చలేదు. అదే అతనికి చెప్పాను, నిర్ణయం మాత్రం నీదే అని కూడా చెప్పాను.

రెండో దారి చాలా సులువు, అందుకే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది. బిజినెస్ వదిలేసి జనరల్ స్టడీస్ డిగ్రీకి మారితే 51 క్రెడిట్లూ లెక్కలోకి వస్తాయి. ఒక్క ఫారం, అర్హత గొడవ ఖతం. అథ్లెటిక్స్‌లో ఇది రోజూ జరిగే పనే. కోచింగ్ స్టాఫ్ దీన్నే కోరుకున్నారు, వాళ్ల వైపు నుంచి అది తప్పు కూడా కాదు. నేను అతన్ని అడిగింది ఒకటే. ఆట అయిపోయాక ఎక్కడ ఉంటావు? నెదర్లాండ్స్‌లోనే అన్నాడు. అయితే ఈ డిగ్రీని అక్కడ ఎలా చూస్తారో ముందు కనుక్కో అన్నాను. విదేశీ డిగ్రీలను డచ్ డిగ్రీలతో పోల్చి చూసే సంస్థ నఫిక్. దాని సమాచారం వాళ్లమ్మ చదివింది, తండ్రి ఆఫీసులో తెలిసినవాళ్లని అడిగాడు. అక్కడ చదువంటే మొదటి రోజు నుంచీ ఒక సబ్జెక్టు పట్టుకుని సాగేదే. ఏ సబ్జెక్టూ లేని డిగ్రీ పట్టుకెళ్తే ప్రతి ఇంటర్వ్యూలోనూ వివరణ ఇచ్చుకోవాలి. కుర్రాడు వద్దన్నాడు. అయినా ఆ ఫారం నింపి నా డ్రాయర్‌లో పెట్టుకున్నాం. సమ్మర్‌లో ఏదైనా క్లాసు పోతే సీజన్ కాపాడేది అదొక్కటే.

మూడోది సమ్మర్‌లో తొమ్మిది క్రెడిట్లు. దానికి సులువైన రూపం ఏమిటంటే జాతీయ జట్టు మానేసి క్యాంపస్‌లో ఉండటం. హెడ్ కోచ్ మాట అదే. కానీ అండర్-20లో అది అతని చివరి ఏడాది. కాలేజీ తర్వాత అతని బతుకు యూరప్ క్లబ్బుల్లోనే అయ్యే అవకాశం ఎక్కువ, ఆ క్లబ్బుల మనుషులు కుర్రాళ్లని చూసేది ఈ టోర్నీల్లోనే. మా బెంచి మీద ఆడే నాలుగు నిమిషాల కంటే అక్కడ ఆడే ముప్ఫై నిమిషాలు అతని భవిష్యత్తుకి ఎక్కువ పని చేస్తాయి. కోచ్‌కి ఇలా చెప్పలేం కదా. స్ట్రెంగ్త్ కోచ్ ఇంకో రకంగా చెప్పాడు. ఈ కుర్రాడికి కావలసింది ఇంకో ఎనిమిది వారాల వర్కవుట్లు కాదు, రెండు వారాల సెలవు, దాంతో పాటు నిజమైన మ్యాచ్‌లు. ఆ మాటకి హెడ్ కోచ్ మెత్తబడ్డాడు. నేను చెప్పి ఉంటే మెత్తబడేవాడు కాదు.

పని చేసిన ఏర్పాటు

మే నెలలో క్యాంపస్‌లోనే ఒక పొట్టి సెషన్ ఉంటుంది. అందులో ఒక క్లాసు. మిగతా రెండూ జూన్, జులైల్లో ఆన్‌లైన్, నెదర్లాండ్స్ నుంచే. ఇక్కడే ఎఫ్-1 నియమం మాకు కలిసొచ్చింది. సమ్మర్ సెలవుల్లో ఫుల్-టైమ్ లోడ్ తప్పనిసరి కాదు కాబట్టి ఒక్క ఆన్‌లైన్ క్లాసు అన్న పరిమితి అప్పుడు అడ్డురాదు. తిరిగి అమెరికాలోకి రావడానికి ఐ-20 (ఎఫ్-1 విద్యార్థికి యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద ట్రావెల్ సంతకం చూసుకున్నాం.

అమలు అంత సాఫీగా సాగలేదు. మొదట ఎంచిన క్లాసుల్లో ఒకదానికి లైవ్‌గా పర్యవేక్షించే పరీక్ష ఉంది, అది సరిగ్గా టోర్నీ వారంలో పడింది. మాకూ నెదర్లాండ్స్‌కీ ఏడు గంటల తేడా. మధ్యాహ్నం రెండింటి పరీక్ష అక్కడ రాత్రి తొమ్మిదింటికి, మ్యాచ్ టైమ్‌లో. ప్రొఫెసర్‌ని మినహాయింపు అడగొచ్చు. అడగలేదు. మ్యాచ్ షెడ్యూలు చివరి క్షణంలో మారితే రెండోసారి అడగాల్సి వస్తుంది, అప్పుడు కాదంటే క్లాసే పోతుంది. అందుకని ఆ క్లాసు మార్చి, పరీక్షల బదులు వారం వారం రాసిచ్చే పనులు ఉన్న ఇంకో కోర్సు పెట్టాం. మే క్లాసులో అతనికి 'బి' వచ్చింది. మిగతా రెండిట్లో ఒకటి 'బి', ఇంకోటి అంచు మీద 'సి'. నలభై శాతం సరిగ్గా దాటాడు. డ్రాయర్‌లో ఫారం చించేశాను.

టోర్నీ తర్వాత రెండు వారాలు బంతి ముట్టుకోకూడదని స్ట్రెంగ్త్ కోచ్ షరతు. అదీ పాటించాడని వాళ్లమ్మ చెప్పింది, అతను చెప్పలేదు. ఆగస్టులో వచ్చాక జట్టు డిఫెన్సు మార్పులు అప్పటికే వీడియోగా అతనికి చేరి ఉన్నాయి. ప్రతి రెండు వారాలకీ అసిస్టెంట్ కోచ్ నుంచి ఒక చీటీ, ఏది బాగాలేదో రెండు మూడు ముక్కల్లో. కోచ్‌కి మొదట అది మొరటుగా అనిపించింది. తర్వాత ఇంకో ఇద్దరు అమెరికన్ కుర్రాళ్లు కూడా తమకూ ఇవ్వమని అడిగారట.

మూడో సీజన్‌లో అతను రొటేషన్‌లోకి, అంటే ప్రతి మ్యాచ్‌లో ఆడించే ఆటగాళ్లలోకి, వచ్చాడు. స్టార్ కాలేదు. ఫిబ్రవరిలో కూడా కాళ్లు ఉన్నాయి, నిమిషాలూ ఉన్నాయి. సీజన్ ముగిశాక హెడ్ కోచ్ వేరే చోటికి వెళ్లిపోయాడు. కొత్త కోచ్ తన మనుషుల్ని తెచ్చుకుంటాడని అందరికీ అర్థమైంది. ఈసారి కుర్రాడు పోర్టల్‌లో పేరు వేస్తానంటే నేను అడ్డు చెప్పలేదు. అప్పుడూ ఇప్పుడూ నిర్ణయం ఒకటే, పరిస్థితి వేరు. 60 శాతానికి కావలసిన 72 క్రెడిట్ల కంటే అతని దగ్గర ఎక్కువే ఉన్నాయి. తనకి ఆఫర్ ఇచ్చిన కాలేజీల్లో, తన క్రెడిట్లు ఎక్కువగా ఒప్పుకున్నదాన్ని ఎంచుకున్నాడు. అది అన్నిటికంటే పెద్ద లీగ్‌లోది కాదు. అక్కడ బిజినెస్ డిగ్రీ పూర్తిచేశాడు, ఇప్పుడు యూరప్‌లో ప్రొఫెషనల్‌గా ఆడుతున్నాడు.

దీని తర్వాత మా దగ్గర మారినవి

విదేశీ ఆటగాడు చేరగానే అతని దేశపు ఫెడరేషన్ క్యాలెండర్ అడుగుతున్నాం. ఏ వయసు జట్టుకి, ఎన్ని సమ్మర్లు, ఏ నెలలు. అది తెలిశాకే నాలుగేళ్ల క్లాసుల ప్లాన్ వేస్తున్నాం. అంతకుముందు ప్లాన్ వేశాక ఆటగాడు వచ్చి క్యాంపు సంగతి చెప్పేవాడు. డీఎస్ఓకి తెలియకుండా విదేశీ ఆటగాడి క్లాసు డ్రాప్ అయ్యే వీలు లేకుండా సిస్టమ్‌లో ఒక హోల్డ్ పెట్టించాం. చిన్న పని, దానికి పట్టిన మీటింగులు మాత్రం చిన్నవి కావు.

ఇంటి బెంగ అని రిఫరల్ వస్తే ఇప్పుడు ముందు నిద్ర, ప్రయాణాలు, గత రెండు సమ్మర్లు చూస్తున్నాను. ఆ తర్వాతే కౌన్సెలింగ్. నిజంగా బెంగతో ఉన్నవాళ్లకి ఈ క్రమం కొంచెం ఆలస్యం చేస్తుందని నా సహోద్యోగి అభ్యంతరం. ఆవిడ మాటలో నిజం ఉంది. అందుకే ఇప్పుడు రెండూ ఒకే వారంలో మొదలుపెడుతున్నాం.

ఈ ఏర్పాటు అందరికీ సరిపోదు. యూత్ జట్లవి ఎండాకాలం టోర్నీలు కాబట్టి సమ్మర్ క్లాసులతో సర్దగలిగాం. సీనియర్ జాతీయ జట్టుకి ఎంపికైతే కథ మారుతుంది. ఫీబా క్వాలిఫయర్ల విండోలు నవంబర్‌లో, ఫిబ్రవరిలో కూడా వస్తాయి. అంటే మా సీజన్ నడుమ, ఆన్‌లైన్ ఒక్కటే అన్న పరిమితి ఉన్న సెమిస్టర్లలో. ప్రస్తుతం నా దగ్గర అలాంటి కుర్రాడు ఒకడున్నాడు, వేరే దేశం. ఫెడరేషన్ రెండు విండోలకీ రమ్మంటోంది, కోచ్ ఒక్కదానికీ వద్దంటున్నాడు. డీఎస్ఓ, నేను, అతని ప్రొఫెసర్లు కూర్చుని చూస్తే, క్లాసుల వైపు నుంచి నవంబర్‌ది మాత్రమే సాధ్యమని తేలింది. ఆ మాటే రాసి అతనికీ, కోచ్‌కీ ఒకే మెయిల్‌లో పంపాను. ఇద్దరి నుంచీ ఇంకా జవాబు రావాలి.